ఎక్స్‌రే వద్దన్న నా కొడుకు

నా మొగుడు దగ్గి దగ్గి పోయాడు. మావాళ్ళది దూది ఏకి పరుపులు కుట్టే పని. కొట్లలో రెడీమేడ్ పరుపులు వచ్చాక ఆ పని పోయింది. మార్టూరు దగ్గర గ్రానైటు రాయి కోసి పాలిష్ పట్టే షెడ్డులో చేరాడు. ఏళ్ళ తరబడి అక్కడే. ఒంగోలు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి, "ఇదంతా రాతి దుమ్మమ్మా. లోపలికి పోయింది ఇక బయటికి రాదు" అంది. నాకు చదువు రాదు, సంతకం పెడతానంతే. ఆ మచ్చలు చూడ్డానికి చదువెందుకు?

ఇప్పుడు అదే షెడ్డులో నా కొడుకు. ఈ చలికాలం నుంచి వాడూ దగ్గుతున్నాడు. ఆ దగ్గు నాకు తెలుసు. గోడ అవతల నుంచి వినిపిస్తే పోయినాయన లేచి వచ్చాడేమో అనిపిస్తుంది.

ఒకరోజు పొద్దున అన్నం పెట్టి బతిమాలాను. "ఒరేయ్, ఒంగోలు పోయి ఎక్స్‌రే తీయించుకుందాం రారా."

"రాసిపెట్టినన్నాళ్ళు ఉంటామమ్మా. అల్లా ఇష్టం. ఎక్స్‌రే తీస్తే ఆగుద్దా?"

"మరి మసీదు ముందు నీ బండికి తాళం ఎందుకేస్తావురా? సాక్షాత్తూ అల్లా ఇంటి ముందే గదా పెట్టేది! బండికి లేదా ఆయన ఇష్టం?"

కోడలు అటు తిరిగి నవ్వింది. వాడికీ నవ్వొచ్చింది. ఆ నవ్వు కాస్తా దగ్గయింది.

ఆ రోజు మిరపకోత నుంచి తిన్నగా, మా మసీదులో నమాజు చదివించే హజరత్ గారింటికి పోయాను. చేతులు మండుతున్నాయి, కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు.

"మీరు చెబితే వింటాడండీ. నేనంటే, నీకు ఈమాను తక్కువే అమ్మా, అల్లా మీద నమ్మకం లేదు అంటున్నాడు."

ఆయన, "మీరు ఆలోచించరా, బుద్ధి పెట్టి చూడరా అని ఖురానులో అల్లాయే ఎన్నోచోట్ల అడుగుతాడమ్మా. జబ్బు చేస్తే వైద్యం చేయించుకోమని ప్రవక్త కూడా చెప్పారు. ఈ ఒళ్ళు మనది కాదు, అల్లా మన దగ్గర దాచమన్న సొమ్ము. పాడు చేసి అప్పజెబుతామా?" అన్నారు.

నేను చిన్నప్పుడు ఊగుతూ నేర్చుకున్న ఖురాను సూరాలు ఇప్పటికీ నోటికొచ్చు. ఒక్క ముక్కకీ అర్థం తెలియదు. అల్లా మనకు హుకుములు వేస్తాడనుకున్నానుగానీ, ఇలా ప్రశ్నలు కూడా అడుగుతాడని ఈ వయసులో తెలిసింది.

సాయంత్రం నమాజు అయ్యాక హజరత్ గారు మా ఇంటికే వచ్చి మంచం మీద కూర్చుని ఆ మాటలే చెప్పారు. వాడు తల వంచుకుని అన్నిటికీ "సరేనండి" అన్నాడు. నా గుండె కాస్త కుదుటపడింది. ఆయన గడప దాటాక వాడు నా వైపు తిరిగాడు.

"ఆయన చెప్పింది నిజమే. నువ్వన్నదీ నిజమే. నాన్న ఎక్స్‌రే చేత్తో పట్టుకుని తిరిగింది నేనే గదమ్మా, నాకు తెలీదా అది దుమ్మని? నా ఛాతీలో కూడా అదే ఉందని కాయితం మీద చూశాక, మర్నాడు ఆ షెడ్డులోకి ఎట్టా పోతాను? రాత అనుకుంటేనే నా కాళ్ళు కదులుతున్నాయి. అది కూడా లాక్కుంటావా?"

"పని మానెయ్యరా."

"మానేసి? నువ్వు కోసే మిరపకాయల కూలితో అందరం తింటామా?"

వాడిది నమ్మకం కాదు, భయం. దాని మీద అల్లా పేరు కప్పుకున్నాడు. నాకది తెలుసు. తెలిసి ఏం చేయను? కప్పుకున్నది లాగేస్తే చలికి చచ్చిపోయేట్టున్నాడు.

తెల్లారి నమాజులో నుదురు నేలకానించాక ఏమడగాలో తోచలేదు. వాడికి తెలివి ఇవ్వమందామంటే అది ఉంది. ఈమాను ఇవ్వమందామంటే, లేదనడానికి నేనెవరిని? ఆఖరికి, వాడికి ఇంకో పని చూపించు తండ్రీ, దుమ్ము లేనిది, అన్నాను. అరబ్బీలో ఆ మాట ఎలా అనాలో నాకు రాదు. తెలుగులోనే అడిగాను. ఏడుస్తూ అడిగాను.

నేను నమాజు మీంచి లేచేసరికి వాడు పనికి పోయాడు. నేను ఆరోజు మిరపకోతకు పోకుండా చిలకలూరిపేట బస్సెక్కాను. అక్కడ పత్తి మిల్లుల్లో మనుషులు కావాలంటున్నారట. ఆ మిల్లుల్లో దూది దుమ్ము ఉంటుందని నాకు తెలుసు. వాడికి పని ఇంకెక్కడ అడగాలో తెలియక ఎక్కాను.