మార్తా టీచర్ వేసిన ఇటుక బట్టీ

నిన్న పొద్దున మోండా మార్కెట్‌లో బెండకాయలు ఏరుకుంటుంటే ఫోన్ వచ్చింది. మార్తా టీచర్ కూతురు గ్రేస్.

"ఆంటీ, మమ్మీ పోయింది. నిద్రలోనే."

"ఏ మమ్మీ?" అన్నాను. అంత పిచ్చి ప్రశ్న నా జన్మలో అడగలేదు.

మొన్న శనివారమే కదా, పద్మారావు నగర్‌లో వాళ్ళింట్లో కూర్చుని టీ తాగాం!

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. టీచర్ ముప్పై ఏళ్ళు స్కూల్లో డ్రాయింగ్ చెప్పారు. రిటైరయ్యాక, బ్రష్ పట్టుకోవడం కూడా రాని నాలాంటి వాళ్ళకి శనివారం వాటర్‌కలర్ క్లాసులు. మహా మొండి మనిషి.

బస్సెక్కి ఊరవతల ఇటుక బట్టీకి వెళ్ళి బొమ్మలు వేసేవారు. బట్టీ పక్కనే చెరువు, తాటిచెట్లు, జొన్నచేను.

కంటికి కనిపించే రంగులే వేయాలన్న రూలేమీ లేదావిడకి. నేల నారింజ, నీడలు ఊదా. చిన్న చిన్న రంగు ముక్కలు పక్కపక్కన పెట్టి వదిలేసేవారు. దగ్గర్నుంచి అంతా గందరగోళం. నాలుగడుగులు వెనక్కి వేస్తే మొహాన ఎండ కొట్టేది.

ఆ బట్టీ బొమ్మ పూర్తయ్యాక, అక్కడ ఇటుకలు మోసే లక్ష్మమ్మకి చూపించారు. నేనూ పక్కనే ఉన్నాను.

లక్ష్మమ్మ నవ్వింది. "మంచిగున్నది గని, పొగ చెరువు దిక్కు పంపినవేందమ్మా? గటు పోతే మాకేం తక్లీఫ్? రోజూ మా గుడిసెల మీదికే వస్తది."

వాటర్‌కలర్ తుడిస్తే పోదు. టీచర్ అక్కడికక్కడే కాగితం నాలుగు ముక్కలు చేశారు. నా ప్రాణం ఉసూరుమంది.

"నేలకే లేని రంగు వేశారు కదా, పొగ ఎటు పోతే ఏం?" అన్నాను.

"రంగు నా ఇష్టం. పొగ ఆమె పీల్చేది. అది నా ఇష్టం కాదు."

ఇంకో నెల తిరిగి మొత్తం కొత్తగా వేశారు. పొగ, గుడిసెల మీద.

వచ్చే ఆదివారం కాలనీ హాల్లో మా క్లాసు ఎగ్జిబిషన్. ఆ ఒక్క బొమ్మ వద్దంది కమిటీ. చెరువు, తాటిచెట్లు చాలట. పొగ, గుడిసెలు చూడ్డానికి ఎవరొస్తారట.

మొన్న ఆ మాట చెప్పి టీచర్ మండిపడ్డారు. "ఈడ ఇన్ని అపార్ట్‌మెంట్లు లేచినయి. ఇటుకలు ఆకాశంలకెళ్లి పడ్డయా?"

నేనేం చేశానో కూడా చెప్పాలి.

"ఒక్క బొమ్మే కదా టీచర్, పోనివ్వండి" అన్నాను.

ఆవిడ బ్రష్‌లు కడుక్కుంటూ ఉండిపోయారు. మా మధ్య ఆఖరి మాట అదే. సిగ్గుగా ఉంది.

ఇవాళ కమిటీకి ఫోన్ చేశాను. ఆ బొమ్మ ఉంటేనే మా పదకొండు మంది బొమ్మలూ ఉంటాయి, లేదంటే మీ హాలు మీరే ఉంచుకోండి అన్నాను. ఆలోచిస్తామన్నారు. నిదానంగా ఆలోచించుకోమనండి. వాళ్ళు కాదంటే మా అపార్ట్‌మెంట్ సెల్లార్ ఉంది. లక్ష్మమ్మని నేనే వెళ్ళి తీసుకొస్తాను.

టీచర్, సారీ చెప్పడానికి ఇంకొక్క శనివారం మిగిల్చి ఉండాల్సింది మీరు.

దేవుడి దగ్గర హాయిగా నిద్రపోండి. గోడకి మేకు నేను కొడతాను.