సాంచకు పెట్టిన బొట్టు

మొన్న దసరా నాటి మధ్యాహ్నం మా కంప్యూటర్ డబ్బా వెనక నుంచి వెచ్చటి పసుపు వాసన వచ్చింది. పసుపుతో పాటు కాస్త నూనె, కాస్త ఇనుము, వేడెక్కిన దుమ్ము కూడా కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే, అరవై రెండేళ్ల నేను యాభై ఏళ్లకు పైగా వెనక్కి జారిపోయి, సిరిసిల్లలో మా మరమగ్గాల కొట్టం గడప మీద, జేబుల నిండా మక్క సత్తు, అంటే తీపి కలిపిన మొక్కజొన్న పిండి, పోసుకుని కూర్చున్న పదేళ్ల పిల్లవాణ్ణి అయిపోయాను. కంప్యూటర్ లోంచి పసుపు వాసన ఎందుకు వస్తుందని మీరు అడుగుతారు. అడగండి. చెప్పడానికి నాకింకా ధైర్యం చాలడం లేదు, వచ్చాక చెబుతాను.

కరీంనగర్లో పెళ్లి పత్రికలు కొట్టిచ్చే పని నాది. ఆ పనికి పెట్టుకున్న కంప్యూటర్ పాతది, పెద్ద డబ్బాది, ముందువైపు డిస్కు మింగే నోరు కలది. ఇప్పుడొచ్చే కంప్యూటర్లకు ఆ నోరే లేదు. అందుకే మా అక్క లక్ష్మి దసరా పూట నా ఇంటికి ఒక డిస్కు పట్టుకుని వచ్చింది. దుబాయిలో ముప్పై ఏళ్లు ఉండి వచ్చిన మా అన్న, అక్కడికి పోయిన కొత్తల్లో మా నాన్న, అదే బాపు, మాట్లాడి పంపిన క్యాసెట్టు ఒకదాన్ని దాచుకుని, టేపు పాడైపోతోందని ఓ పదిహేనేళ్ల కిందట డిస్కులోకి ఎక్కించి, దాన్ని కూతురి పెళ్లి డిస్కుల మధ్య పెట్టి మరచిపోయాడట. మొన్న బీరువా సర్దుతుంటే బయటపడింది. క్యాసెట్టు ఎప్పుడో చిక్కుపడి చెత్తలో కలిసింది. అంటే ఈ లోకం మొత్తం మీద మా బాపు గొంతు మిగిలి ఉన్నది ఆ ఒక్క డిస్కులో. బాపు పోయి ముప్పై ఏళ్లు. ఆయన గొంతు ఎలా ఉండేదో మరచిపోతున్నానని అక్క రెండేళ్లుగా బెంగపెట్టుకుంది.

ఫోన్లో నేను ఊరుకున్నానా? "నా దగ్గరికి తీసుకరా అక్కా, నా దగ్గర లేని మిషను లేదు" అన్నాను. నిజానికి నా దగ్గర ఉన్నది ఒకటే మిషను.

అక్క ఆ డిస్కును మెత్తటి నూలు గుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో, రొట్టె బెల్లం కలిపి కట్టిన మలీద ముద్దల మీద పెట్టి తెచ్చింది. నేను డబ్బా లాక్కోబోతే చేయి అడ్డం పెట్టింది.

"జర మెల్లగ పట్టుకో తమ్మీ, బాపు ఉన్నడు గండ్ల."

కంప్యూటర్ పెట్టాను. మీట నొక్కితే నోరు తెరిచింది. డిస్కు పెట్టాను, మింగింది. కానీ తెర మీద డ్రైవు బొమ్మే లేదు. డిస్కు లేదని కాదు, డిస్కు పెట్టే డ్రైవే తనకు లేదని కంప్యూటర్ వాదన. ఆపి మళ్లీ పెట్టాను. లోపలి సామానంతా వరుసగా రాసి ఉండే జాబితా తెరిచి చూశాను, అందులోనూ దాని పేరు లేదు. వేరే డిస్కు పెట్టాను, నోట్లోకి ఊదాను, నెత్తి మీద రెండు దెబ్బలు కూడా వేశాను. ఇరవై రకాల మందులు వేశానని మా వీధిలో అందరికీ చెప్పాను గానీ, వేసినవి ఈ ఐదే. అక్క ఖాళీ అయిన నూలు గుడ్డను ఒళ్లో పెట్టుకుని మడతలు వేస్తూ, విప్పుతూ కూర్చుంది.

"దొరుకుతడారా బాపు?" అంది కాసేపటికి.

సరిగ్గా అప్పుడే డబ్బా వేడెక్కి పసుపు వాసన వచ్చింది.

మా సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. మాకు నాలుగు సాంచలు. వాటి చప్పుడు వేములవాడ దాకా వినబడేదని నేను చాలామందికి చెప్పాను. కాదులెండి, వీధి చివరి దాకా. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన మేము మామూలుగా మాట్లాడడం ఎరగం. బాపు ఉప్పు అడిగినా ఊరంతా వినేది. ఏడాదికి ఒక్క దసరా నాడు సాంచలన్నీ ఆగేవి. ఆ నిశ్శబ్దంలోనూ బాపు గొంతు తగ్గించడం మరచిపోయేవాడు కాబట్టి, మా ఇంటి రహస్యాలన్నీ ఆ ఒక్క రోజున వాడకట్టుకు చేరేవి. అవ్వ, అంటే మా అమ్మ, చెంగుతో నోరు కప్పుకుని "మెల్లగనరాదు?" అనేది. "మెల్లగనే అంటున్న గదే!" అని బాపు అరిచేవాడు.

వానలు వెనకబట్టి, తంగేడు పూసి, గునుగు తెల్లగా తలలూపే ఆ తొమ్మిది రోజులూ అవ్వా అక్కా పొద్దున నూలు కండెలు చుట్టడం, సాయంత్రం బతుకమ్మ పేర్చడం. మక్క సత్తు, పల్లి సత్తు, నువ్వుల సత్తు, నెయ్యి పట్టించిన మలీద ముద్దలు. నేను ఎక్కడ నడిస్తే అక్కడ చీమలు నా వెనకే ఊరేగింపుగా వచ్చేవి. కర్రాబిళ్ల లాంటి చిర్రగోనె ఆటలో నాతో ఎవరూ గెలిచేవాళ్లు కాదు. గెలిస్తే సత్తు పెట్టేది లేదని ముందే చెప్పేవాణ్ణి మరి.

దసరా పొద్దున సాంచలకు తలంటు. ఏడాది పొడవునా పేరుకున్న దూది పీచును కుంచెతో దులిపి, కిరసనాయిలు గుడ్డతో ఇనుమంతా తుడిచి, కీళ్లకు నూనె పోసి, అప్పుడు పసుపు కుంకుమ బొట్లు పెట్టేవాళ్లం. చిన్నవేళ్లు ఇరుకుల్లోకి పోతాయని బొట్లు పెట్టే పని నాకు అప్పజెప్పారు. "దేన్నీ మరువకు బిడ్డా, మరిస్తే అది అలుగుతది" అని బాపు మాట. నేను దేన్నీ మరువలేదు. మోటారుకు పెట్టాను, పట్టెలకు పెట్టాను, నూలు మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తే నాడెకు పెట్టాను. చివరికి మూడు వేళ్ల చిన్న ఇనుప ముల్లుకు కూడా పెట్టాను.

ఆ ముల్లు సాంచకు కన్ను లాంటిది. నాడె వచ్చిన ప్రతిసారీ పోగు ఉందో లేదో అది తడిమి చూస్తుంది. పోగు తగిలితే పక్కకు ఒరుగుతుంది, సాంచ నడుస్తుంది. తగలకపోతే ఒరగదు, పోగు తెగిందనుకుని సాంచ తనంతట తానే ఆగిపోతుంది. నేను మలీద తిన్న చేత్తో, బెల్లం పాకం లాంటి చిక్కటి పసుపు ముద్ద తీసి సరిగ్గా దాని కీలులో దట్టించాను. భక్తి ఎక్కువైంది.

మర్నాడు మూడు సాంచలు నడిచాయి. నాలుగోది మూడు అడుగులు వేసి ఠక్కున ఆగింది. పోగు తెగలేదు, ఉంది. సాంచ మాత్రం లేదంటోంది. బాపు దాన్ని నడిపించడం, అది ఆగడం. అప్పుడు బాపు నన్ను పక్కన నిలబెట్టుకుని, సాంచ వెనక్కి పోయి, పోగులు చుట్టిన పెద్ద దూలం దగ్గర మొదలుపెట్టాడు.

"ఆగిన కాడ నిలవడి సూస్తే ఏం కనవడది బిడ్డా. పోగు యాడికెల్లి బయలెల్లిందో ఆడికెల్లి రావాలె."

అరచేత్తో పోగుల మీద నిమురుకుంటూ, ఒక్కొక్క కీలు దగ్గర ఆగి పేరు చెబుతూ, ఆ చివర నుంచి ఈ చివరకు వచ్చాడు. ముల్లు దగ్గరికి వచ్చి నా మొహం చూశాడు. మళ్లీ వెనక్కి పోయి మొదలుపెట్టాడు. అలా మూడుసార్లు. మూడోసారి "ఇగ మనతోని గాదు, పక్క గల్లీ మిస్త్రీని పిలువాలె" అన్నాడు. మిస్త్రీ వస్తే పసుపు ముద్ద పట్టేస్తాడు, నా వీపు పగులుతుంది. "నేను సూస్త బాపూ" అని ముందుకు దూకి, లాగు అంచు ఉమ్మితో తడిపి, కీలు తుడిచాను. సాంచ నడిచింది.

బాపు నన్ను భుజానికి ఎత్తుకుని వాడకట్టంతా తిప్పాడు. "మా ఇంట్ల మిస్త్రీ పుట్టిండు!" అని అరిచాడు. అవ్వ మళ్లీ పొయ్యి ముట్టించి గారెలు చేసింది. ఆ రోజు నుంచి నా పేరు మిస్త్రీ. పెద్ద పెద్ద మిస్త్రీలు వచ్చి నా సలహా అడిగేవాళ్లని నా మనవళ్లకు చెప్పాను. ఒక్కరు కూడా రాలేదు. పక్కింటాయన మొహమాటానికి ఒకసారి పిలిచాడు, నేను చేయి పెట్టాక ఆ సాంచ రెండు రోజులు లేవలేదు. పసుపు ముద్ద సంగతి మాత్రం ఇన్నేళ్లూ నా కడుపులోనే ఉంది.

ఇక ధైర్యం వచ్చింది, చెబుతాను. మొన్న దసరా పొద్దున, నాకు తిండి పెట్టే సాధనం కదా అని కంప్యూటర్ డబ్బా విప్పాను. దుమ్ము దులిపాను. దేన్నీ మరువకూడదు కనుక ఫ్యానుకు, పెట్టె గోడలకు, డిస్కు డ్రైవుకు, దానికి వెళ్లే తీగలకు కూడా బొట్లు పెట్టాను. ఎర్రటి సన్నని తీగ ఒకటి అడ్డం వస్తే ఊడబీకి, దాని కొసకు కూడా ఇంత తడి పసుపు అద్ది, మళ్లీ గుచ్చాను. అరవై రెండేళ్లొచ్చినా భక్తి తగ్గలేదు.

అక్క చూస్తుండగానే కరెంటు తీసి డబ్బా విప్పాను. డ్రైవు దగ్గర చూడలేదు. తీగ బయలుదేరిన చోటు నుంచి వచ్చాను. మొదటిది కరెంటు తీగ, గట్టిగానే ఉంది. అందుకే నోరు తెరుస్తోంది. రెండోది ఎర్రది. డ్రైవు చెప్పే మాటలు కంప్యూటర్‌కు చేరేది దీని గుండానే. కొస లాగి చూస్తే సన్నని గాడిలో పసుపు గట్టిపడి ఉంది. ఇంజెక్షన్ ముందు రాసే స్పిరిటు దూదికి అద్ది తుడిచి, ఆరబెట్టి, మదర్‌బోర్డు అనే పెద్ద పలక మీద పక్కనే ఖాళీగా ఉన్న శుభ్రమైన గాడిలో గుచ్చాను. కంప్యూటర్ పెట్టాను. తెర మీద డ్రైవు బొమ్మ వచ్చింది. అక్క పసుపు దూదిని చూసింది, నన్ను చూసింది, బాపు డిస్కు తీసి నా చేతికిచ్చింది.

డిస్కు లోపల పెట్టగానే మొదట సాంచల చప్పుడు వచ్చింది. దాని మీద నుంచి, దుబాయికి తీగలు లేకుండానే వినబడాలన్నట్టు, బాపు అరుపు.

"బిడ్డా, మేం మంచిగున్నం, ఫికర్ చెయ్యకు. నీ తమ్ముడు సాంచ బాగుచేసిండని ఊరంత చెప్పుకుంట తిరుగుతుండు. ముల్లుకు పసుపు పెట్టింది గూడ వాడేరా! నా కండ్ల ముంగటనే పెట్టిండు. నోరు తెరిచి చెప్తడేమోనని మూడుమాట్ల సాంచ సుట్టు తిరిగిన. చెప్పలే. గానీ తుడుస్తందుకైతే ముంగటికి దుంకిండు, గది సాలు. నువ్వు వచ్చినంక వానికి చెప్పకు, పోరడు సిన్నవోతడు."

అక్క నవ్వింది. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వింది. ఫోన్ తీసి అన్నను పట్టుకుంది.

"నీకెర్కనే ఉండెనా అన్నా? ఇన్నేండ్లు చెప్పకపోతివి?"

"బాపు చెప్పద్దన్నడు గదనే" అన్నాడు అన్న, అదేదో నిన్నటి మాట అన్నట్టు.

ఆ నాలుగు సాంచలూ పాత ఇనుములో పోయాయి. కొట్టం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. గొంతులు నింపి పంపే క్యాసెట్లు పోయాయి, వాటి తర్వాత వచ్చిన డిస్కులూ పోతున్నాయి. తంగేడు పూలు సంతలో కట్టలుగా అమ్ముతున్నారు. అందుకని బాపు గొంతును మూడు చోట్ల దాచాను. సరే, ఒక్క చోటే, మిగిలిన రెండూ రేపు చేస్తాను.

ఆ పూట అక్క ఫోను పెట్టేసినా డిస్కు నడుస్తూనే ఉంది, మాట అయిపోయాక బాపు టేపు ఆపడం మరచిపోయాడు. చాలాసేపు సాంచలే. అందులో ఒకటి ఠక్కున ఆగింది. దూరం నుంచి బాపు అరుపు: "ఏమాయెనో సూడుపో, ఓ మిస్త్రీ!"

నాకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అక్క నా చేయి పట్టుకుని కిందికి లాగింది.

"కూసో తమ్మీ. ఇను."

చప్పుళ్లలోంచి సన్నని గొంతు ఒకటి, నోట్లో సత్తు ఉన్నట్టుంది, "వస్తున్న బాపూ!" అంటూ ఉరికొచ్చింది.