క్లాసులో ఒక పిల్ల ఎక్కువ

ఆ ఏడు టైలరమ్మకి బడి అన్న మాట వింటేనే ఒళ్లు మండేది. కూతురికి కొత్త బడి వెతుకుతున్నానని పొరపాటున ఒకావిడతో అన్నది. అంతే, ఆ తర్వాత కొలతలివ్వడానికి కొట్టుకొచ్చిన వాళ్లెవరూ సలహా ఇవ్వకుండా కదిలితే ఒట్టు. రెండు చేతులూ పైకెత్తి, ఛాతీ చుట్టూ టేపు పెట్టించుకుంటూనే, ఫలానా బడిలో ఈత నేర్పుతారనీ, ఇంకో బడిలో గుర్రమెక్కిస్తారనీ చెప్పేవారు. గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆవిడ ఊఁ అనడం తప్ప ఏం చేయడానికీ లేదు.

గుర్రం ఎవరిక్కావాలి? ఆవిడకి కావలసిందల్లా ఆరేళ్ల కూతురి చేత బడిలో నోరు విప్పించే టీచరు. ఇంట్లో ఆ పిల్లని పిచ్చుక అని పిలుస్తారు, అంత వాగుడు. కుట్టుమిషను చప్పుడు మీద, గోడ మీది బల్లి మీద, నాన్న గురక మీద దానికి గట్టి అభిప్రాయాలున్నాయి. గడప దాటిందంటే మాత్రం పెదవి కదపదు. ఇప్పుడున్న బడిలో ఏడాది పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదట. ఆ సంగతి క్లాసు టీచరు ఆఖరి రోజున నవ్వుతూ చెప్పింది. "మీ పాపతో మాకే ఇబ్బందీ లేదండీ, అసలు ఉన్నట్టే ఉండదు!" పైగా ప్రోగ్రెస్ కార్డు మీద ఉత్తమ ప్రవర్తన అని రాసి ఓ బంగారు నక్షత్రం అంటించింది. ఆ నక్షత్రం చూస్తే టైలరమ్మకి ఏడుపొచ్చింది. ఇంకో ఏడాది ఇలాగే గడిచిందంటే పిల్లకి మౌనమే అలవాటైపోతుందని ఆవిడ భయం.

ఈ భయం ఇంట్లో ఎవరికీ ఎక్కలేదు. మొగుడు ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. మనుషుల లోపలంతా చూడగలిగినవాడు పెళ్లాం ముఖంలో విసుగు మాత్రం చూడలేడు. "ఏ బడైతేనేం, బస్సు దిగ్గానే గేటుంటే చాలు" అని తేల్చేశాడు. ఇక ఆయన అక్కగారు! వదినగారి కూతుళ్లిద్దరూ ఊళ్లోకెల్లా పెద్ద ప్రైవేటు బడిలో చదువుతున్నారు. ఆవిడ దాన్ని "మా బడి" అంటుంది, తనే దగ్గరుండి కట్టించినట్టు.

"చూడూ, అక్కడ సీటంటే మాటలనుకున్నావా? నేనో మాట చెప్పి ఉంచాను. ఇంక నసగకు."

"నసగడం కాదు వదినా. అక్కడ క్లాసుకి ఎంతమంది పిల్లలు?"

"ఎంతమందైతే నీకెందుకు? ఏసీ ఉంది."

టైలరమ్మ ముందు తనకి తోచిన రెండు బళ్లకీ వెళ్లొచ్చింది. ఒకచోట పిల్లని వదిలేసి తల్లిదండ్రుల చదువు గురించి ముప్పావుగంట అడిగారు. ఇంకోచోట ప్రిన్సిపాల్ పిచ్చుక గడ్డం పట్టుకుని "పేరు చెప్పు, చెప్పు, చెప్పు మరి" అని వాయించేసరికి పిల్ల తల్లి చీర కొంగులో దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. రెండు నెలలు తిరిగేసరికి ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది. సరే, ఆ మహా బడినే చూద్దామనుకుంది.

అక్కడే ఆవిడ వృత్తి ఆవిడ కొంప ముంచింది. ఆ బడి పిల్లల్లో సగంమందికి యూనిఫాం కుట్టేది తనే. నీలం గళ్ల గుడ్డ బీరువాలో మిగిలే ఉంది. పిచ్చుకకి కొత్త గౌనంటేనే బెదురు, నాలుగు రోజులు ఒంటి మీదుంటే గానీ అలవాటు పడదు. కుట్టేవాళ్లకి ఏదైనా ముందు ఒకసారి తొడిగి చూడనిదే మనసొప్పదు. ఇంటర్వ్యూకి వారం ముందే కూర్చుని, కాలరుతో సహా అచ్చంగా ఆ బడి యూనిఫామే కుట్టేసింది. పిల్ల ఎదుగుతుందని అంచు దగ్గర రెండంగుళాలు లోపలికి మడిచింది కూడా. ఇంటర్వ్యూ రోజున అదే వేసి తీసుకెళ్లింది, పిల్ల బెదరకుండా ఉంటుందని.

ఆఫీసులో కౌంటరు ముందు ఇరవైమంది తల్లులున్నారు. అప్లికేషను పదకొండు పేజీలు. తొమ్మిదో పేజీలో "మీ చిన్నారిలోని నాయకత్వ లక్షణాలు వివరించండి" అని ఉంది. టైలరమ్మ అది ఖాళీగా వదిలేసినందుకు కౌంటర్లో అమ్మాయి వెనక్కి పిలిచింది. ఏదో ఒకటి రాయాలట. పిచ్చుకని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, పళ్లు కొరుకుతూ, "బల్లులకి భయపడదు" అని రాసిచ్చి వెనక్కి తిరిగేసరికి బెంచీ ఖాళీ.

టైలరమ్మ బాత్రూములు చూసింది, మెట్ల కింద చూసింది, గేటు దగ్గరికి పరిగెత్తింది. కౌంటర్లో అమ్మాయి తాపీగా ఫోను తీసింది.

"కంగారు పడకండి మేడమ్. పాప ఏ డ్రెస్సులో ఉంది?"

"మీ యూనిఫాంలో."

ఆ అమ్మాయి ఫోను కింద పెట్టేసింది. ఆ ఆవరణలో ఆ గౌను వేసుకున్న ఆడపిల్లలు ఏడొందలమంది ఉన్నారు. అందులో మూడొందల గౌన్లు టైలరమ్మ కుట్టినవే. తన చేతిపని చూసి గర్వపడాల్సిన చోట ఆవిడ తల బాదుకుంది.

గంటా పది నిమిషాల తర్వాత పిచ్చుక ఒకటో తరగతిలో, మూడో వరసలో, చేతులు కట్టుకుని కూర్చుని దొరికింది. ఆటస్థలం నుంచి లైను వెళుతుంటే, బెంచీ మీద కూర్చుందేమని ఆయా అదిలించి కలిపేసిందట. రెండు పీరియడ్లు గడిచాయి. ఇద్దరు టీచర్లు మారారు. ఒక్కరికీ అనుమానం రాలేదు.

"హాజరు పొద్దున్నే అయిపోతుందండీ" అన్నది టీచరు. "బుద్ధిమంతురాలు. కిక్కురుమంటే ఒట్టు!"

ప్రిన్సిపాల్ గారు పెద్ద మనసు చేసుకున్నారు. జరిగిన దానికి చింతిస్తున్నామనీ, పాప క్లాసులో చక్కగా ఇమిడిపోయింది కాబట్టి ఇక ఇంటర్వ్యూ అక్కర్లేదనీ, సీటు ఇచ్చేస్తున్నామనీ చెప్పారు. టైలరమ్మ పిల్లని వరండాలోకి తీసుకొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఒళ్లంతా తడిమి చూసుకుంది.

"భయమేసిందా తల్లీ?"

పిచ్చుక ఆవిడ చెవి దగ్గరికొచ్చి గుసగుసలాడింది. దాని కళ్లు మెరుస్తున్నాయి. "లేదమ్మా. ఈ బడి చాలా బాగుంది. నేనెవరని కూడా ఎవ్వరూ అడగలేదు. రోజూ ఇక్కడికే వస్తా."

ఆ మాటకి టైలరమ్మ లేచి తిన్నగా కౌంటరు దగ్గరికెళ్లి పదకొండు పేజీలూ వెనక్కి ఇమ్మంది. ఆ అమ్మాయి నోరు వెళ్లబెట్టింది. వదినగారు ఏమంటుందో తెలుసు, ఆయన ఏమంటాడో తెలుసు. మళ్లీ మొదటి నుంచీ బళ్లు తిరగాలని కూడా తెలుసు. అయినా తీసుకుంది.

తిరుగు బస్సు కిటకిటలాడుతోంది. రెండో స్టాపు దాకా పిచ్చుక ముఖం ముడుచుకుని నిలబడింది. మూడో స్టాపులో విషయం పూర్తిగా అర్థమైనట్టుంది, ఒక్కసారిగా బద్దలైంది.

"కాగితాలు ఎందుకు తెచ్చేశావ్? నన్నడిగావా? అన్నీ నీ ఇష్టమేనా? గౌను నువ్వే కుట్టావ్, నువ్వే తీసుకెళ్లావ్, మళ్లీ నువ్వే వద్దంటావేం? నీకేం తెలీదు! నువ్వు మంచి అమ్మవి కాదు!"

బస్సంతా ఇటు తిరిగింది. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. పిల్ల ఎవరినీ పట్టించుకోలేదు, కాళ్లు నేలకేసి కొడుతూ అరుస్తూనే ఉంది. టైలరమ్మ కడ్డీ పట్టుకుని, తిట్టు తర్వాత తిట్టు వింటూ, కదలకుండా నిలబడింది. ఆవిడ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

సీట్లో కూర్చున్న పెద్దావిడకి ఇది చూడబుద్ధి కాలేదు. "ఏంటమ్మా ఇది? నలుగురిలో తల్లిని పట్టుకుని ఇంతేసి మాటలా? ఆగు, నేను చెబుతాను దానికి" అని పిల్ల భుజం మీద చెయ్యి వేయబోయింది.

టైలరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు పిన్నిగారూ, ఆపకండి. మీకు పుణ్యముంటుంది."