మాచర్లలో పదకొండో సంవత్సరం రూపాయి

పాత వెండి రూపాయి కోసం రైలెక్కే ఆడదాన్ని మా నరసరావుపేటలో నేనొక్కదాన్నేనట. సర్కారు వాటిని వెనక్కి తీసుకుని కరిగిస్తుంటే నేను పెట్టెలో పోగుచేస్తున్నాను. "బడిలో పాఠాలు చెప్పుకోక నీకిదేం పిచ్చే!" అంటుంది మా ఆడపడుచు. పిచ్చే, అయితే ఏం? నా దగ్గర లేనిది పంతొమ్మిది వందల పదకొండో సంవత్సరం రూపాయి ఒక్కటే. దాని మీద ముద్రించిన రాజు బొమ్మలో, అంగీ మీది ఏనుగుకు తొండం పొట్టిగా పడి, అది పందిలా ఉందని గొడవ లేచి, అప్పట్లోనే చాలావరకు కరిగించేశారు. మాచర్లలో తాళాలు బాగుచేసే ఖాసిం సాయిబు దగ్గర ఒకటుందని తెలిసి పొద్దుటి రైలెక్కాను.

రైలు నడికుడిలో చాలాసేపు ఆగుతుంది, అన్నం కట్టుకెళ్లడం మేలు. మాచర్ల స్టేషన్ నుంచి బజారుకు జట్కా రెండణాలు. "ఒక్కదానివే వచ్చినావా అమ్మా? ఇంట్లో మగోళ్లు లేరా?" అన్నాడు జట్కావాడు. "ఉన్నారు. వాళ్లకు రూపాయంటే ఖర్చుపెట్టడమే తెలుసు" అన్నాను.

నేనెవరో చెప్పుకోగానే ఖాసిం సాయిబు రూపాయి తీసి, నా భూతద్దం కింద పెట్టాడు.

"ఏందిది, చెప్పు పంతులమ్మా?"

"ఏనుగే."

"మరి! మా నాయనా అదే చెప్పినాడు. పంది బొమ్మ ఇంట్లో పెట్టుకున్నాడని చుట్టాలు మా గడప తొక్కలా. అయినా చచ్చేదాకా దాన్ని వదల్లా."

"అమ్ముతారా సాయిబుగారూ? మీరు చెప్పిందే ధర."

ఆయన ముఖం ఎర్రబడింది. "అమ్మితే మా నాయన పందినే దాచినాడని ఒప్పుకున్నట్టు కాదా? చానా మంది అడిగినారు. ఇయ్యాళ్టితో ఈ పీడ వదిలిస్తా." అంటూ రంధ్రాలు వేసే బర్మా అందుకున్నాడు. తాళంచెవుల గుత్తికి తగిలించుకుని ఊరందరికీ చూపిస్తాడట. బొక్కపడిన నాణేన్ని పోగుచేసేవాళ్లెవరూ కొనరు. ఆయనకు కావలసిందీ అదే.

"అయ్యో, ఆగండి!" అని చెయ్యి అడ్డం పెట్టాను.

"ఎందుకాగాలి?"

ఆయన తండ్రి మాట నిలబడాలా, నా పెట్టె నిండాలా? కాసేపు ఏడుపొచ్చినంత పనైంది. తర్వాత రాజు కిరీటం మీద వేలు పెట్టాను.

"ఇక్కడ వెయ్యండి. ఏనుగుకు దెబ్బ తగలదు."

తిరుగు రైల్లో నా చేతులు ఖాళీ. దిగులుగానే ఉంది, దాచుకోను. కానీ నా పెట్టెలో ఉంటే ఆ రూపాయిని నేనొక్కదాన్నే చూసేదాన్ని. ఇప్పుడు తాళం పోగొట్టుకున్న ప్రతివాడూ చూస్తాడు. మీరు వెళ్లేటట్టయితే మధ్యాహ్నం నమాజుకు దుకాణం మూయకముందే చేరండి, భూతద్దం మరిచిపోకండి. అక్కడెవరైనా దాన్ని పంది అంటే, నా వంతు కూడా కలిపి పోట్లాడి రండి.