కురచైన వల

సెల్‌ఫోన్లు మా వైపు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. నాకు పెళ్లయిన కొత్త. రేపల్లెలో జూనియర్ కాలేజీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పేదాన్ని. అత్తగారిది నిజాంపట్నం, చేపల వేట కుటుంబం. మామగారికి నైలాన్ వల, అతుకులకి అదే నైలాన్ దారం ఉండ మా తమ్ముడే తెనాలిలో కొని తెచ్చాడు. కొత్త చుట్టం తెచ్చినదాన్ని కొలిస్తే బాగోదని ఎవరూ కొలవలేదు.

తెల్ల వల చేపలకి కనబడుతుందని మామగారు దాన్ని రంగు కలిపిన మరిగే నీళ్లలో ముంచారు. ఆరాక పరిచి కొలిస్తే తమ్ముడు చెప్పిన పొడవు కంటే కురచగా ఉంది.

"మీ తమ్ముడు ముక్క కోసి ఉంచుకున్నాడేమో, అమ్మాయ్," అన్నారు అత్తగారు, ఇరుగుపొరుగు వింటుండగానే.

తమ్ముడు టీ గ్లాసు పట్టుకుని అరుగు మీదే ఉన్నాడు. "నేను కొయ్యలేదండి," అన్నాడు మెల్లగా.

నాకు ఒళ్లు మండింది. ఆ ఉండలోంచి అత్తగారి చేత్తోనే మూరెడు దారం కొలిపించి మరిగే నీళ్లలో వేశాను. తీసి కొలిస్తే రెండు వేళ్లు తగ్గింది. "నైలాన్‌లో అణువులు పొడవాటి గొలుసుల్లా ఉంటాయండి. ఫ్యాక్టరీలో వాటిని లాగి తిన్నగా చేస్తారు. వేడి తగిలితే మెలికలు తిరిగి ముడుచుకుంటాయి," అని చెప్పాను.

ఆవిడ దారాన్ని మళ్లీ కొలిచారు. "ఏమోలే. ఈసారి వల మేమే కొనుక్కుంటాం," అన్నారు.

తమ్ముడు గ్లాసు కింద పెట్టి బస్సుకి వెళ్లిపోయాడు.

ఆ దారం ఎంత లాగినా మళ్లీ మూరెడు కాలేదు. వాడూ మళ్లీ ఆ గడప తొక్కలేదు.