ఒక్క గడే జరిపే ఆయన

చదరంగంలో ఆయన ఏ ఆటైనా బంటును ఒక్క గడే జరిపి మొదలుపెట్టేవాడు. బరంపురం దగ్గర కొడల అనే ఊళ్లో ఉల్లిపాయల టోకు వ్యాపారి. అది వాళ్ల నాన్న నేర్పిన పాత పద్ధతి. ఆ పద్ధతిలో రాజు ఒకసారి గుర్రంలా గెంతవచ్చు కూడా; టోర్నమెంటుల్లో మాత్రం అది చెల్లదు.

బరంపురం టోర్నమెంటులో ఆఖరి రౌండు మా ఇద్దరికీ పడింది. డ్రా అయితే జిల్లా జట్టులో నాకు చోటు, ఆయన గెలిస్తే ఆయనకు. ఆ నత్తనడక ఓపెనింగ్ చూసి నవ్వాను. మూడు గంటలు గడిచేసరికి ఓడిపోతున్నాను.

అప్పుడు అలసటలో ఆయన పాత అలవాటు కొద్దీ రాజును గుర్రంలా గెంతించాడు. గడియారం చూస్తున్న నేను గమనించనే లేదు. ఆయనే చెయ్యెత్తి ఆర్బిటర్‌ని పిలిచాడు.

"తప్పెత్తు ఏసీసాను బాబూ."

తప్పెత్తు వెనక్కి తీసి, ముట్టుకున్న రాజునే మళ్లీ సరిగ్గా కదపాలని నియమం. కదిపాడు. దాంతో నా మంత్రికి ఆగని చెక్‌లు దొరికాయి. అవే ఎత్తులు మూడుసార్లు తిరిగొచ్చి ఆట డ్రా అయింది.

బయటికొచ్చాక ఆయన మీదే మండిపడ్డాను. "నేను చూడలేదు కదా అంకుల్! ఎందుకు చెప్పారు?"

ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. "ఏడేళ్లనుంచి ఈ జట్టు కోసం తిరుగుతన్నాను బాబూ. ఇలాగ గెలిసి ఇంటికెల్తే, ఏటని సెప్పుకోను?"

నేను ఫోన్ చేసి, సెలెక్టయ్యానని అమ్మకు చెప్పాను. ఎలా గెలిచావని అడిగింది. సిగ్నల్ లేదని పెట్టేశాను.