ఇప్పచెట్టు కింద తపస్సు

నా సన్యాసం ఒక్క పూటతో ముగిసింది. మా ఇంట్లో నన్ను ఆటపట్టించడానికి ఆ సంగతి ఇప్పటికీ పనికొస్తుంది. నేను అలిగి అన్నం ముందు నుంచి లేస్తే చాలు, మనవరాలు "తాత తపస్సుకు పోతుండు, చెంబు తేండ్రి" అంటుంది. నేనూ నవ్వుతాను. కానీ ఆ రోజు నేను నవ్వుతూ పోలేదు.

అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. నిజాం రాజ్యం పోయి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్ళయింది. మాది ధర్మపురికి ఒక పూట నడక దూరంలో ఉన్న సాలెల వాడ. ఇంటింటికీ ముందుగదిలో ఒక గుంత మగ్గం ఉండేది. నేలలో తవ్విన గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని చీరలు నేసేవాళ్ళు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచేవాణ్ణి. బాపు ఆ గుంతలోకి దిగాడంటే లోకం మరిచిపోయేవాడు. మధ్యాహ్నం బువ్వకు అవ్వ మూడుసార్లు పిలిస్తే గానీ లేచేవాడు కాదు. నేసిన చీరలు మూట కట్టి, గోదావరి దాటి, అవతలి ఒడ్డు ఊళ్ళ అంగళ్ళకు మోసుకుపోయేవాడు.

ఆయనకు రెండు వింత అలవాట్లుండేవి. ప్రతి చీర కొంగు చివర రెండు పసుపు పోగులు, వాటి నడుమ ఒక నల్ల పోగు వేసేవాడు. ఎందుకని అడిగితే, "నా చీర ఏడ గనపడ్డా నేను గుర్తువట్టాలె గద" అనేవాడు. రెండోది అవ్వకు అస్సలు గిట్టని అలవాటు. ఏటా ఎండాకాలంలో ఒకసారి, అంగడిలో ఒక చీర ఎవరికో ఇచ్చేసి, బదులుగా సంచెడు ఎండు ఇప్పపూలు తెచ్చేవాడు. అవ్వ సంచి మూతి విప్పి వాసన చూసేది. నడుం మీద చేతులు పెట్టుకుని, "చీరనిచ్చి పూలు తెచ్చుకున్న మొగోన్ని నిన్నే చూసిన. గీ పూలు కట్టుకొని తిరగమంటవా నన్ను" అని మొదలుపెట్టేది. బాపు కిక్కురుమనకుండా కాళ్ళు కడుక్కునేవాడు. తిట్టడం అయ్యాక ఆమే ఆ పూలు వేయించి, బెల్లం వేసి దంచి, ముద్దలు చేసి నాకు పెట్టేది.

ఆ ఏడు మాఘమాసంలో బాపు మూడు రోజుల జ్వరంతో పోయాడు. మగ్గం మీద చీర సగంలో ఉంది. దినాలు అయిపోయాక అవ్వ నాతో ఒకే మాట అంది. "పడుగు గట్లనే ఉన్నది బిడ్డా. నువ్వు దిగి నెయ్యి." ఆ తర్వాత ఆమె నోరు మూతపడింది. వండేది, పెట్టేది, గడప మీద కూర్చునేది. నేను ఎంత ఆలస్యంగా లేచినా ఒక్క మాట అనేది కాదు. అవ్వ తిట్టని ఇల్లు నాకు మా ఇల్లులా అనిపించలేదు.

నేను మాత్రం గుంతలోకి దిగలేకపోయాను. గుంత అంచున బాపు చెయ్యి ఆనించి ఆనించి నున్నబడిన చోటు ఒకటుంది. అక్కడ చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకునేవాణ్ణి. ఆయన ఆపిన చోటు నుంచి నేను నేస్తే, ఆయన పోయాడని నా చేతులతో నేనే ఒప్పుకున్నట్టవుతుందని భయం. అది భయమని అప్పుడు ఒప్పుకోలేదు, దానికి వైరాగ్యమని పేరు పెట్టుకున్నాను. మా సాలెలది రుషి వంశమని పెద్దలు చెప్పుకునేవాళ్ళు. రుషులు అడవుల్లో కూర్చునే చావు సంగతి తేల్చుకున్నారట. పోయిన మనిషి ఎక్కడికి పోతాడో తెలిసేదాకా ఇంటి ముఖం చూడనని ఒట్టు పెట్టుకున్నాను.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున అవ్వ నీళ్ళకు పోయినప్పుడు చెంబు, దుప్పటి, కాసిన్ని అటుకులు తీసుకుని బయల్దేరాను. గోదావరి మోకాలి లోతే ఉంది. దారిలో ఎవరైనా ఎక్కడికని అడిగితే "చుట్టాలింటికి" అన్నాను. సత్యం వెతకబోయేవాణ్ణి మొదట ఆడింది అబద్ధమే.

మూడో రోజు ఖానాపూర్ దాటి అడవిలో పడ్డాను. పొద్దు వాలుతుండగా ఆ చోటు కనిపించింది. చుట్టూ నడిస్తే గలగలమనే ఎండు టేకాకులు. ఒక్క పెద్ద చెట్టు కింద మాత్రం ఆకు లేదు, పుల్ల లేదు. నేల ఊడ్చి పెట్టినట్టుంది. చుట్టుపక్కల మనిషి జాడ లేదు. అడవితల్లి నా కోసమే ఆసనం సిద్ధం చేసిందనుకున్నాను. దుప్పటి పరిచి, కళ్ళు మూసుకుని కూర్చున్నాను. మూడు రోజుల నడక కదా, కాసేపటికి కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఒరిగి నిద్రపోయాను.

తెలతెలవారుతుండగా ముఖం మీద ఏదో మెత్తగా పడింది. తర్వాత భుజం మీద, ఆ తర్వాత ఒళ్ళో. కళ్ళు తెరిస్తే పై నుంచి పూలు రాలుతున్నాయి. లేత పసుపు రంగులో, గుండ్రంగా, చెమ్మచెమ్మగా ఉన్నాయి. తపస్సు ఫలిస్తే దేవతలు పూలవాన కురిపిస్తారని చిన్నప్పటి నుంచి విన్నదే. ఒక్క పూటకే ఇంత దయా అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు చేతులూ జోడించాను.

"జర జరుగు బిడ్డా," అంది వెనక నుంచి ఒక గొంతు. "పూలు నలుగుతున్నయి."

చంకలో గంపతో ఒక ముసలమ్మ నిలబడి ఉంది. నేను ఉన్న గౌరవమంతా కూడగట్టుకుని, తపస్సులో ఉన్నానని చెప్పాను.

"చేస్కో. జర అవతలికి జరిగి చేస్కో. గిది మా చెట్టు. నిన్ననే ఊడ్చిపోయిన."

అప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆ అడవిలో ప్రతి ఇప్పచెట్టూ ఎవరో ఒకరిది. కంచె ఉండదు, కాగితం ఉండదు, అయినా ఏ చెట్టు ఏ ఇంటిదో అందరికీ తెలుసు. పూలు రాలే కాలంలో చెట్టు కింద ఊడ్చిపెట్టుకుని, పొద్దున్నే వచ్చి ఏరుకుంటారు. మనుషుల్ని వదిలేసి ఇంత దూరం వచ్చిన నేను ఒక ముసలమ్మ వాకిట్లో ఆసనం వేశానన్నమాట. నాకు తెలిసిన ఇప్పపూలు ఎండి ముడుచుకుపోయిన గోధుమరంగువి. పచ్చి పూలను చూడటం అదే మొదలు.

సిగ్గుతో దుప్పటి దులిపి, ఊరికే నిలబడలేక నేనూ ఏరడం మొదలుపెట్టాను.

"చేతులు మస్తు జల్ది నడుస్తున్నయి. ఏం పని చేస్తరు మీరు?" అంది.

"సాలోల్లం."

"గట్లనా" అంటూ ఆమె వంగి కొంగు నడుంలో దోపుకుంది. రంగు వెలిసిపోయిన చీర. కొంగు చివర రెండు పసుపు పోగులు, వాటి నడుమ ఒక నల్ల పోగు.

నేను ఏరడం ఆపేశాను. "గీ చీర ఏడిది అవ్వా?"

"ఖానాపూర్ అంగట్ల ఒక సాలాయన ఇచ్చిండు. నా కొడుకు పోయిన ఏడు, పూలు ముందల వెట్టుకొని ఊకె కూసున్న. బేరం చెయ్యబుద్ధి గాలే. గాయన వచ్చి పక్కన కూసున్నడు. శానసేపు లేవలే. పోయేటప్పుడు చీర నా ఒళ్ళె వెట్టిండు. వద్దు, నక్కో అన్న, ఇనలే. మరి నా పూలన్న కొంటవో అంటే నవ్వి కొంటవోయిండు. అప్పటి సంది ఏటేట ఒక చీర వట్టుకొని వస్తుండె. గీ ఏడే రాలే. నీకు ఎరుకనా ఆయన?"

"మా బాపు."

"మంచిగున్నడా?"

బాపు పోయినప్పటి నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె పక్కన కూర్చుని, ఆ కొంగుతోనే నా ముఖం తుడిచింది. బాపు ఎక్కడికి పోయాడని నేను అడవిని అడగడానికి వస్తే, ఆయన నాకంటే ముందే ఇక్కడికి వచ్చి కూర్చుని వెళ్ళాడు.

"మీ అవ్వ ఉన్నదా?"

"ఉన్నది."

"ఒక్కతేనా?"

తల ఊపాను.

"మరి గీడ ఏం చేస్తున్నవు బిడ్డా?"

గుడిసెకు తీసుకుపోయి జొన్న అంబలి పోసింది. నా దుప్పటిలో ఎండు పూలు మూట కట్టి, "గీ చీర పాతవడ్డది, వచ్చే ఏడు ఒకటి పట్కరా" అంది. తీసుకుపోయాను, ఆమె ఉన్నన్నేళ్ళూ.

ఇల్లు చేరేసరికి అవ్వ గడప మీదే కూర్చుని ఉంది. నన్ను చూసి కూడా లేవలేదు. మూట ఆమె ముందు పెట్టాను. ముడి విప్పింది. వాసన చూసింది. మూటలో చెయ్యి పెట్టి, గుప్పెడు పూలు తీసి, చాలాసేపు పట్టుకుంది. తర్వాత లేచి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఆయన అయిపోయిండు, గిప్పుడు నువ్వు మొదలువెట్టినవా. వారం దినాలు నన్ను పరేషాన్ జేసి పూలు తెచ్చుకున్న మొగోన్ని నిన్నే చూసిన."

సగంలో కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అయినా తిట్టడం ఆపలేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది. బాపు లాగే కిక్కురుమనకుండా కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాను. గుంత అంచున నున్నబడిన చోట చెయ్యి ఆనించి దిగాను. బాపు ఆపిన చోటు నుంచి నెమ్మదిగా నేయడం మొదలుపెట్టాను.

ఆ రోజు బువ్వకు అవ్వ నన్ను మూడుసార్లు పిలిచింది.